తల విదిలించే గుర్రం: ముక్కువలతో నెట్టుకురావాలా, వైద్యం చేయించాలా, క్రాస్ గుర్రానికి మారాలా?

ఏప్రిల్ నెల. ఇంగ్లండ్‌లో వరసగా నాలుగు రోజులు ఎండ కాస్తే పండగే కదా, అందరం మైదానం దగ్గరే ఉన్నాం. మా అమ్మాయి తన థరోబ్రెడ్‌ను, అంటే రేసు జాతి గుర్రాన్ని, పరుగునడకలో (ట్రాట్) తిప్పుతోంది. ఉన్నట్టుండి ఆ గుర్రం ముక్కులో కందిరీగ దూరినట్టు తల పైకి ఎగరేసింది. మళ్ళీ ఎగరేసింది. గట్టిగా చీదింది. ఆగి, ముక్కును ముంగాలికేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో మా దగ్గరికి వచ్చి ఉన్న నాన్నగారు కంచె పక్కన నిలబడి, "ఈగలేమోరా. కాకపోతే కాడి ఎక్కడన్నా ఒరుసుకుందేమో చూడు" అన్నారు. ఆయన జీవితమంతా ఒంగోలు ఎడ్లతో సేద్యం చేసిన మనిషి. గుర్రానికి కాడేమిటి నాన్నా అని నవ్వేశాను. వారం తర్వాత వచ్చిన వెటర్నరీ డాక్టరు కూడా మొదట చూసింది అదే: ఈగలు, కళ్ళెం, జీను, పళ్ళు.

పిల్లల స్వారీ మోజుతో గుర్రం కొన్న తెలుగువాళ్ళు ఇక్కడ నాకు కొందరు తెలుసు. వాళ్ళలో ఇద్దరు నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "వైద్యం చేయిస్తూ కూర్చోవాలా, దీన్ని వదిలించుకుని మంచి క్రాస్ గుర్రం కొనుక్కోవాలా?" వినడానికి ఒకటే ప్రశ్న గానీ, నిజానికి ఇవి రెండు. తల విదిలింపుకు మందు క్రాస్ గుర్రం, అంటే రెండు జాతుల సంకరం, కాదు. క్రాస్ గుర్రం కొనడానికి మంచి కారణాలు వేరే ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపేసినవాళ్ళు రెండోసారి కూడా డబ్బు పోగొట్టుకోవడం చూశాను.

అది పొగరు కాదు

పాతకాలపు శిక్షకులు కొందరు తల ఎగరేసే గుర్రాన్ని చూడగానే మొండికేస్తోంది, పగ్గం బిగించు అంటారు. తల పైకి లేవకుండా పట్టి ఉంచే మార్టింగేల్ పట్టీ వేయమంటారు. దయచేసి ఆ దారిలో వెళ్ళకండి. ఈ తల విదిలింపును డాక్టర్లు హెడ్‌షేకింగ్ అంటారు. వేరే ఏ జబ్బూ దొరకని హెడ్‌షేకింగ్‌లో చాలావరకు ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం వల్ల వచ్చేదే. చెంపకు గాలి తగిలినా కరెంటు షాక్ కొట్టినట్టుందని కొందరు పెద్దవాళ్ళు బాధపడే జబ్బు ఉంది చూశారూ, దానికి ఇది దగ్గరి చుట్టం.

కాలిఫోర్నియాలోని డేవిస్ పశువైద్య కళాశాల వాళ్ళు దీన్ని కొలిచి చూశారు. మామూలు గుర్రాల్లో ఆ నరం స్పందించడానికి 10 మిల్లీఆంప్స్ లేదా అంతకుమించి కరెంటు కావలసి వచ్చింది. హెడ్‌షేకర్లలో 5 లేదా అంతకన్నా తక్కువకే స్పందించింది. తీసి మైక్రోస్కోపులో చూస్తే మాత్రం నరంలో చెడిపోయినట్టు ఏమీ కనబడదు. తీగ బాగానే ఉంది, స్విచ్చే మరీ సున్నితమైపోయిందన్నమాట. అందుకే ఎండ వెలుగు, గాలి, పుప్పొడి, సన్నటి చినుకు, ఇలా మామూలు గుర్రం పట్టించుకోని ప్రతిదీ దీనికి సూదిపోటు అవుతుంది. చలికాలం రాగానే కొన్నింటిలో పూర్తిగా మాయమై, మళ్ళీ వసంతంలో తిరిగొచ్చేది కూడా అందుకే. 2001లో అచ్చయిన ఒక అమెరికన్ సర్వేలో 109 హెడ్‌షేకర్లను లెక్కిస్తే 64 ఇలా రుతువును బట్టి బాధపడేవే. మొత్తం 109లో 78 గెల్డింగ్‌లు, అంటే వృషణాలు తీసేసిన మగ గుర్రాలు. సగటున తొమ్మిదేళ్ళ వయసులో మొదలైంది. బ్రిటన్‌లో యజమానులను అడిగిన మరో సర్వేలో 4.6 శాతం గుర్రాలకు ఈ లక్షణం ఉందని చెప్పారు. అంటే ఇరవై గుర్రాలున్న లాయంలో ఒకదానికి ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

డబ్బు తీసే ముందు

ఈ నరం జబ్బును నేరుగా పట్టుకునే సులువైన పరీక్ష లేదు. మిగతా కారణాలన్నీ కొట్టేస్తూ పోతే చివరికి మిగిలేది ఇది. కాబట్టి ముందు కొట్టేయాలి.

ఇంట్లో మీరే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. జీను, కళ్ళెం తీసేసి ఉత్త తలకట్టుతో పొడవాటి తాడు మీద గుండ్రంగా తిప్పి చూడండి. అప్పుడు మానేస్తే తప్పు సామానుది కావచ్చు, స్వారీ చేసేవాళ్ళ చేతిది కావచ్చు, నడుము నొప్పి కావచ్చు. పొలంలో ఉన్న గుర్రాలన్నీ తల ఊపుతుంటే అవి ఈగలు. ఒక్కటే ఊపుతుంటే ఆలోచించాలి. ఇంకోటి, ఫోన్‌లో వీడియోలు తీసి పెట్టండి. డాక్టరు వచ్చిన రోజున గుర్రం బుద్ధిగా నిలబడుతుంది. మా ఇంట్లో రెండుసార్లు అదే జరిగింది, రెండుసార్లూ విజిట్ ఫీజు కట్టాం.

డాక్టరు చూడాల్సినవి పళ్ళు, కళ్ళు, చెవుల్లో పురుగులు, సైనస్‌లు, గొంతు పక్కనుండే గటరల్ పౌచ్‌లు. అనుమానం ఉంటే ఎండోస్కోపు, తలకి సీటీ స్కాన్. సీటీ ఖరీదు చూసి చాలామంది దాన్ని వదిలేసి నేరుగా చికిత్సకు వెళ్తారు. నా ఉద్దేశంలో అది తప్పుడు పొదుపు. పన్ను వేరులో చీము పెట్టుకుని ఉన్న గుర్రానికి ముక్కువల కట్టి లాభమేముంది?

తీవ్రతకు డాక్టర్లు ఒక కొలత వాడతారు. ఒకటో మెట్టు: పనిలో ఉన్నప్పుడు విదిలిస్తుంది, కానీ స్వారీకి అడ్డు రాదు. రెండో మెట్టు: స్వారీ చేయలేం, చేస్తే ప్రమాదం. మూడో మెట్టు: ఊరికే నిలబడి ఉన్నా విదిలిస్తుంది. మీ గుర్రం ఏ మెట్టు మీద ఉందో నిజాయితీగా రాసుకోండి. ఇక్కడి నుంచి నేను చెప్పే ప్రతి ఎంపికా దాని మీదే ఆధారపడి ఉంది. తేదీ, వేళ, ఎండ, గాలి, చోటు, మెట్టు, ఇవన్నీ ఒక నోటుబుక్కులో. నెల తిరిగేసరికి ఆ నోటుబుక్కు చాలా చెబుతుంది. మా గుర్రానికి అసలు శత్రువు ఎండ అనుకున్నాం. రాసుకుంటూ పోతే తేలింది వేరు: గాలి ఉన్న రోజుల్లో మబ్బు పట్టినా బాధ తగ్గలేదు.

ఏది ముందు, ఏది తర్వాత

ముక్కువల ముందు. ఇందులో నాకు సందేహం లేదు. కళ్ళేనికి కట్టి ముక్కు మీద వేలాడే చిన్న నెట్ అది. ఖర్చు తక్కువ, హాని లేదు, పనిచేయకపోతే తీసి పారేయొచ్చు. బ్రిటన్‌లో 36 గుర్రాల మీద మూడు రకాల వలలు కట్టి చూస్తే యజమానుల్లో ఎక్కువమంది ఎంతో కొంత మెరుగుదల ఉందన్నారు. ముక్కు పైభాగాన్ని మాత్రమే కప్పే సగం వల కూడా పూర్తి వలకు తీసిపోలేదు. సగం వలతో గుర్రానికి మేత అందుకోవడం తేలిక కాబట్టి నేనైతే దానితోనే మొదలుపెడతాను. "మెరుగుదల" అంటే నయం అని కాదు, అది గుర్తుంచుకోండి. ఒకటో మెట్టు గుర్రానికి ఇది చాలవచ్చు. రెండో మెట్టు గుర్రాన్ని ఒకటికి దించవచ్చు. మూడో మెట్టులో దీన్నే నమ్ముకుని రోజులు గడపడం గుర్రానికి అన్యాయం. పోటీలకు వెళ్ళేవాళ్ళు వల కట్టుకోవచ్చో లేదో ఆయా పోటీ నియమాల్లో ముందే చూసుకోవాలి.

వెలుగుకు రెచ్చిపోయే గుర్రమైతే కళ్ళను కప్పే యూవీ మాస్కు, పొద్దు వాలాక స్వారీ, చెట్ల నీడలో దారి. ఇవన్నీ వలతో పాటే ప్రయత్నించవచ్చు. కాకపోతే ఒక వారంలో ఒకే మార్పు చేయండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

మేతలో కలిపే పొడుల సంగతి. దుకాణంలో డజను డబ్బాలు ఉంటాయి, ప్రతి డబ్బా మీదా ప్రశాంతంగా చూస్తున్న గుర్రం బొమ్మ ఉంటుంది. వీటిలో కాస్త ఆధారం ఉన్నది మెగ్నీషియానికి. డేవిస్‌లోనే ఆరు గెల్డింగ్‌ల మీద చేసిన ప్రయోగంలో మెగ్నీషియం, అందులోనూ బోరాన్‌తో కలిపి ఇచ్చినప్పుడు, తల విదిలింపు తగ్గింది. ఆరంటే ఆరే గుర్రాలు, అది మర్చిపోకూడదు. డాక్టరుతో మాట్లాడి, రక్తంలో మెగ్నీషియం ఎంతుందో చూసుకుంటూ ఇస్తే పెద్దగా పోయేదేమీ లేదు. మిగతా డబ్బాల మీద నాకు నమ్మకం లేదు.

మందుల దగ్గరికి వస్తే, మన ఇళ్ళలో డాక్టర్లకు కొదవ లేదు కాబట్టి కార్బమజెపిన్ పేరు వినగానే "ఓ, అదా" అంటారు. మనుషుల్లో ఆ నరం నొప్పికి వాడేది అదే. గుర్రాలకు దాన్ని, సైప్రోహెప్టడిన్‌ను, గాబాపెంటిన్‌ను వాడి చూస్తారు. కొన్నింటికి బాగా పనిచేస్తాయి, కొన్నింటికి అస్సలు పనిచేయవు. మందు వేసుకున్న గుర్రం మత్తుగా ఉంటే దాని మీద పిల్లను ఎక్కించలేం. పోటీ గుర్రాలకైతే డోపింగ్ నియమాలు అడ్డొస్తాయి. నేను మందును దీర్ఘకాలం నడిపే మార్గంగా చూడను. ఇంకో చికిత్సకు తేదీ దొరికేదాకా బాధ తగ్గించే ఊతగా చూస్తాను. స్టెరాయిడ్ మాత్రం ఎవరైనా "ఓసారి వేసి చూద్దాం" అంటే ఆలోచించండి. డెక్సామెథాసోన్‌తో చేసిన పరీక్షలో లాభం కనబడలేదు, పైగా స్టెరాయిడ్‌తో డెక్కల వాపు వస్తుందన్న భయం ఒకటి.

ఇక పెన్స్. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు మనుషుల నొప్పి చికిత్స నుంచి గుర్రాలకు తెచ్చిన పద్ధతి. గుర్రానికి మత్తు ఇచ్చి, నిలబెట్టే, ముఖం చర్మం కింద నరం వెంబడి సన్నటి ప్రోబ్ పెట్టి ఇరవై ఐదు నిమిషాలపాటు కరెంటు పంపిస్తారు. ఒక విడతకు మూడుసార్లు. 2020లో వెలువడిన నివేదికలో 168 గుర్రాలకు చేసిన 530 చికిత్సల లెక్క ఉంది. మొదటి విడత పూర్తి చేసుకున్నవాటిలో 53 శాతం ఉపశమనం పొంది పాత పనిలోకి వచ్చాయి. ఆ ఉపశమనం మధ్యస్థంగా తొమ్మిదిన్నర వారాలు నిలిచింది. కొన్నింటిలో రెండు రోజులే, కొన్నింటిలో రెండేళ్ళు దాటి. ఈ అంకెను రెండు రకాలుగా చదవచ్చు. సగం గుర్రాలకు పనిచేయదు అని కూడా, కోయకుండా కుట్టకుండా సగం గుర్రాలకు పనిచేస్తోంది అని కూడా. రెండో మెట్టులో ఉండి, వలతో లాభం లేని గుర్రానికి నేను దీన్నే ఎంచుకుంటాను. నరాన్ని ప్లాటినం చుట్టలతో నొక్కే పాత ఆపరేషన్ ఒకటుంది. అది వికటించి, ముఖం గీరుకునీ గీరుకునీ ప్రాణం తీయాల్సి వచ్చిన గుర్రాలున్నాయి. దాని జోలికి వెళ్ళకండి.

ఉంచాలా, వద్దా

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అని సామెత. స్వారీకి పనికిరాని గుర్రానికి కూడా నెలనెలా లాయం అద్దె, లాడాలు కొట్టేవాడు, బీమా, గడ్డి. ఆ టెన్షన్ నాకు తెలుసు.

వేసవిలో మాత్రమే ఒకటో మెట్టుకు వచ్చే గుర్రాన్ని ఉంచుకోవడంలో అర్థముంది. దాని కాలం అక్టోబర్ నుంచి మార్చి అనుకుని పనిని సర్దుకోవచ్చు. మేం అదే చేశాం. స్వారీ మానేసి పొలంలో వదిలేస్తే హాయిగా ఉండే రెండో మెట్టు గుర్రానికి విశ్రాంతి ఇవ్వవచ్చు. మూడో మెట్టులో అన్ని ప్రయత్నాలూ అయిపోయి, మేత కూడా ప్రశాంతంగా మేయలేని గుర్రం విషయంలో డాక్టరు ప్రాణం తీయడం గురించి మాట్లాడితే కోపం తెచ్చుకోకండి. గుర్రాన్ని ప్రేమించడం తెలియక కాదు ఆయన ఆ మాట అనేది.

చేయకూడనిది ఒక్కటే. నవంబరులో, లక్షణాలు మాయమైన వేళ, మాట పొక్కనీయకుండా ఇంకొకరికి అంటగట్టడం. మాకు థరోబ్రెడ్ అలాగే వచ్చిందని నా అనుమానం. రుజువు లేదు కాబట్టి అంతటితో ఆపుతాను.

క్రాస్ మీద మోజు ఎందుకు

హెచ్‌ఎఫ్ క్రాస్, జెర్సీ క్రాస్ ఆవులు మనకు కొత్త కాదు. పాల కోసం ఒక జాతి, తట్టుకునే శక్తి కోసం మరో జాతి. గుర్రాల్లోనూ లెక్క అదే. బ్రిటన్, ఐర్లండ్‌లలో స్వారీకి పేరుపడ్డ క్రాస్ ఐరిష్ డ్రాఫ్ట్ (ఐర్లండ్ సేద్యపు గుర్రం), థరోబ్రెడ్‌ల కలయిక. ఐరిష్ స్పోర్ట్ హార్స్ అనే పేరు వెనక ఉన్న అసలు మూలం ఇదే. థరోబ్రెడ్ నుంచి వేగం, దమ్ము. ఐరిష్ డ్రాఫ్ట్ నుంచి బోన్, నిదానం. బోన్ అంటే గుర్రాల వాళ్ళ భాషలో ముంగాలి మోకాలి కింద ఎముక చుట్టుకొలత. బరువు మోసే గుర్రానికి అది లావుగా ఉండాలి. చిన్న పిల్లలకూ, పొట్టి మనుషులకూ కోనెమారా (ఐర్లండ్ పోనీ జాతి) క్రాస్ చక్కగా సరిపోతుంది. చురుకు కావాలి, పొడవాటి ప్రయాణాలు చేయాలి అనుకునేవాళ్ళు ఆంగ్లో అరబ్ (థరోబ్రెడ్, అరబ్బీల క్రాస్) వైపు చూస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసుకు పోయి శని, ఆదివారాల్లో మాత్రమే స్వారీ చేసే మనిషికి కాబ్ (పొట్టి, బలిష్ఠమైన రకం) క్రాస్‌ను మించినది నేను చూడలేదు.

మొదటి తరం క్రాస్‌లో ఒక నిజమైన లాభం ఉంది. రెండు వైపుల నుంచీ వస్తే తప్ప బయటపడని జబ్బులు ఆగిపోతాయి. కోనెమారాల్లో డెక్క గోడ ఊడిపోయే ఒక జన్యు జబ్బు ఉంది. కోనెమారాకు, థరోబ్రెడ్‌కు పుట్టిన పిల్ల ఆ జన్యువును మోస్తుందేమో గానీ జబ్బు పడదు. అరబ్బీ పిల్లల్లో రోగనిరోధక శక్తే లేకుండా పుట్టే జబ్బు సంగతీ అంతే. అలాగని క్రాస్ అనగానే అన్నీ ఆగిపోవు. బరువు జాతుల్లో, కాబ్‌లలో ఉండే కండరాల జబ్బు పీఎస్ఎస్ఎం ఒకటో రకానికి ఒక్క వైపు నుంచి వచ్చిన జన్యువు చాలు. వెంట్రుకతో చేసే పరీక్షలో తెలిసిపోతుంది, కాబ్ క్రాస్ కొనేముందు అడగండి. కోనెమారా, వెల్ష్, కాబ్ రక్తం ఉన్నవి కాస్త గడ్డికే బలిసిపోయి, డెక్కల వాపు తెచ్చుకునే రకం. థరోబ్రెడ్‌కు తిండి పెట్టడానికి డబ్బు ఖర్చయితే, వీటికి తిండి కట్టడి చేయడానికి ఓపిక ఖర్చవుతుంది. అదృష్టం బాగాలేకపోతే థరోబ్రెడ్ పలచటి డెక్కలు, డ్రాఫ్ట్ బరువు రెండూ ఒకే గుర్రంలో పడతాయి. తల్లిదండ్రుల పేర్లు కాదు, కళ్ళ ముందున్న నాలుగు కాళ్ళు చూడాలి.

మరి తల విదిలింపు? కొన్ని సర్వేల్లో థరోబ్రెడ్‌ల సంఖ్య ఎక్కువగా కనబడింది, నిజమే. కానీ పోనీల నుంచి వార్మ్‌బ్లడ్‌ల (యూరప్ పోటీ గుర్రాల) దాకా, క్రాస్‌లతో సహా, ఇది అన్నింటికీ వస్తుంది. క్రాస్ కొంటే మీకు దొరికేది స్వభావం, బోన్, నెలఖర్చులో కాస్త వెసులుబాటు. హెడ్‌షేకింగ్ రాదన్న గ్యారంటీ ఆ జాబితాలో లేదు. అన్నట్టు, స్వచ్ఛమైన రక్తానికి మారుపేరుగా చెప్పుకునే థరోబ్రెడ్ కూడా ఇంగ్లండ్ ఆడ గుర్రాలకు, తూర్పు దేశాల నుంచి తెచ్చిన మగ గుర్రాలకు పుట్టిన సంతతే. మూడొందల ఏళ్ళ కిందటి క్రాస్ అన్నమాట.

హైదరాబాద్‌లో చూసేవాళ్ళకు ఎంపిక కాస్త వేరు. అక్కడ రైడింగ్ స్కూళ్ళలో రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్‌లు, మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు, వాటి క్రాస్‌లు కనబడతాయి. రేసు గుర్రం చవగ్గా వస్తుంది గానీ, పరుగు తప్ప వేరే పని నేర్పని గుర్రం అది. కొత్తవాళ్ళకు నేను దాన్ని సూచించను. పెన్స్ లాంటివి అందుబాటులో లేనిచోట వల, మాస్కు, తెల్లవారుజామున స్వారీ, ఇవే చేతిలో ఉండే సాధనాలు. కాబట్టి అక్కడ కొనేటప్పుడే మరింత జాగ్రత్తపడాలి.

కొనే రోజు

ఏ జాతి అయినా సరే, మే నుంచి జులై మధ్య, పట్టపగలు, ఎండా గాలీ ఉన్న రోజున, ఆరుబయట స్వారీ చేసి చూడండి. షెడ్డులో చూపిస్తామంటే బయటికి తెమ్మని అడగండి. తలకట్టు మీద ముక్కువల కట్టిన గుర్తులు, ముక్కు చివర రుద్దుకున్న మచ్చలు ఉన్నాయేమో వెతకండి. పోయిన వేసవి వీడియోలు అడగండి. ఇరవై నిమిషాలైనా పని చేయించాలి, ఎందుకంటే కొన్నింటిలో ఒళ్ళు వేడెక్కాకే మొదలవుతుంది. రెండోసారి, చెప్పకుండా వెళ్ళి చూడగలిగితే ఇంకా మంచిది.

బ్రిటన్‌లో అయితే ఐదు దశల వెటర్నరీ పరీక్ష చేయించండి. ఆ రోజు తీసిన రక్తాన్ని ఆరు నెలలు దాచి ఉంచుతారు, మందు వేసి చూపించారన్న అనుమానం వస్తే పరీక్షకు పంపవచ్చు. వ్యాపారి దగ్గర కొంటే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం మీకు అండగా ఉంటుంది. ఇల్లు ఖాళీ చేస్తూ అమ్ముకునే మామూలు మనిషి దగ్గర కొంటే ఆ రక్షణ చాలావరకు ఉండదు. అందుకే రసీదు మీద ఒక వాక్యం రాయించుకోండి: "ఈ గుర్రం ఏ కాలంలోనూ తల విదిలించినట్టు నాకు తెలియదు, ముక్కువల వాడలేదు." మా ఐరిష్ డ్రాఫ్ట్ క్రాస్‌ను అమ్మినావిడ ఆ మాట నోటితో చెప్పకముందే రాసిచ్చింది. అంతకుముందు చూసిన ఒక నల్ల గుర్రం యజమాని మాత్రం కలం చేతిలో పట్టుకుని చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. మేం ట్రైలర్ ఖాళీగానే ఇంటికి తోలుకొచ్చాం.